వంటింటి బల్ల మీద పుట్టిన కంటి లెన్సు



ప్రతి నెలా ఈ పేజీలో ఒక గొప్ప వ్యక్తి జీవితం గురించి చదువుతున్నారు కదా. ఈసారి ఎవరి గురించి రాయాలన్నది స్టాఫ్‌రూంలో కూర్చుని తేల్చుకున్నది కాదు. మొన్న యాన్యువల్ డే రాత్రి వాష్‌రూం దగ్గర తేలిపోయింది.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు డ్యాన్స్ కోసం రంగు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంది. మధ్యాహ్నం మేకప్‌తో పాటే పెట్టేసుకుంది. ఆ తర్వాత ఏసీ ఆడిటోరియం, స్టేజీ మీద లైట్లు, రాత్రి తొమ్మిదింటి దాకా ఫొటోలు. తీరా తీద్దామంటే కుడి కంటిది వచ్చింది కానీ ఎడమ కంటిది కదల్లేదు. పాప గోళ్ళతో గిల్లి గిల్లి లాగుతోంది. కన్ను మందారంలా ఎర్రబడింది. ఇద్దరు ఫ్రెండ్స్ కుళాయి నీళ్ళు దోసిట్లో పట్టుకుని నిలబడ్డారు. పాప భయం కంటి గురించి కాదు, ఇంట్లో తెలిస్తే ఏమంటారో అని. ఆ లెన్సులు వాళ్ళ అక్కవట. అక్క ఎప్పుడో ఒక పెళ్ళికి వాడి డబ్బాలో దాచుకున్న జత. అమ్మకు తెలియకుండా తెచ్చుకుంది.

ఆ కంగారు నాకు తెలుసు. బీఈడీ చదివే రోజుల్లో ఒకసారి పరీక్షకు నైట్ బస్సులో వెళ్తూ లెన్సులు తీయకుండానే నిద్రపోయాను. కిటికీ పక్క సీటు, రాత్రంతా మొహానికి గాలి. తెల్లవారి బస్టాండులో దిగేసరికి రెండు లెన్సులూ కళ్ళకు అంటించినట్టు ఉన్నాయి. అద్దం ముందు నిలబడి నేనూ లాగాను. లాగిన కన్ను మూడు రోజులు నొప్పి పెట్టింది. డాక్టరు దగ్గర తిట్లు కూడా తిన్నాను. అందుకే పాప చేతులు పట్టుకుని ముందు గిల్లడం ఆపించాను. కుళాయి నీళ్ళు పారబోయించాను. సిక్‌రూంలో సీలు తీయని స్టెరైల్ సెలైన్ ఉంటే తెప్పించాను. ఇద్దరం సబ్బుతో చేతులు కడుక్కున్నాక కంట్లో కొన్ని చుక్కలు వేసి కళ్ళు మూసుకుని కూర్చోమన్నాను. మళ్ళీ కొన్ని చుక్కలు. పదిహేను నిమిషాలు పట్టింది. నిజానికి ఆ పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టడమే కష్టమైంది. చివరికి లెన్సు దానంతట అదే జారింది. వాళ్ళమ్మగారికి నేనే ఫోన్ చేశాను. మర్నాడు కంటి డాక్టరుకు చూపించారు, ఏ ప్రమాదమూ లేదు.

అంత మెత్తని వస్తువు రాయిలా ఎందుకు బిగుసుకుంటుంది, నాలుగు చుక్కలకే ఎందుకు వదులవుతుంది అని పాప తర్వాత అడిగింది. జవాబు వెతుకుతూ వెళ్తే ఒక మనిషి దగ్గర ఆగాను. ఆయన పేరు ఓటో విఖ్టర్లే. చెక్ దేశపు రసాయన శాస్త్రవేత్త. ఈ రోజు ప్రపంచమంతా పెట్టుకుంటున్న మెత్తని కాంటాక్ట్ లెన్సు ఆయన చేసిందే.

1913 అక్టోబర్ 27న మొరావియా ప్రాంతంలోని ప్రొస్తెయోవ్ అనే ఊళ్ళో పుట్టారు. అప్పటికి అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. తండ్రికి వ్యవసాయ యంత్రాలు చేసే ఫ్యాక్టరీలో వాటా ఉండేది. ఆ కంపెనీ తర్వాత కార్లు కూడా చేసింది. కాబట్టి నట్లు, బోల్టులు, మోటార్లు ఆ ఇంట్లో కొత్త కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది. కొడుకు మాత్రం యంత్రాల వైపు కాకుండా కెమిస్ట్రీ వైపు వెళ్ళాడు. ప్రాగ్‌లోని టెక్నికల్ యూనివర్సిటీలో చదివి 1936లో డాక్టరేట్ తీసుకుని అక్కడే పరిశోధనలో కొనసాగాడు.

మూడేళ్ళకే జర్మన్ సైన్యం వచ్చింది. 1939 నవంబరులో నాజీలు చెక్ యూనివర్సిటీలన్నీ మూసేశారు. పాఠం చెప్పే పని పోయింది, ల్యాబ్ పోయింది. అప్పుడు ఆయనకు పని ఇచ్చింది జ్లీన్ పట్టణంలోని బాటా కంపెనీ. అవును, జూన్‌లో మనందరం పిల్లలకు స్కూలు షూలు కొనే ఆ బాటానే. దాని పుట్టిల్లు ఆ ఊరే. అక్కడి పరిశోధనశాలలో విఖ్టర్లే ప్లాస్టిక్‌ల మీద పనిచేశారు. 1941లో ఆయన బృందం నైలాన్ లాంటి కృత్రిమ దారాన్ని తయారుచేసింది. తర్వాత దానికి సిలాన్ అని పేరు పెట్టారు. 1942లో గెస్టాపో పోలీసులు పట్టుకెళ్ళి కొన్ని నెలలు జైల్లో పెట్టారు. బయటికి వచ్చి మళ్ళీ పనిలో పడ్డారు.

యుద్ధం అయ్యాక ప్రాగ్‌కు తిరిగి వచ్చి పాఠాలు చెప్పారు, కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ టెక్స్ట్‌బుక్కులు రాశారు. 1952లో కొత్తగా ఏర్పడిన కెమికల్ టెక్నాలజీ సంస్థకు డీన్ అయ్యారు. అసలు కథ ఆ ఏడాది ఒక రైల్లో మొదలైంది.

ఒలొమోవ్ట్స్ నుంచి ప్రాగ్ వెళ్తున్న రైల్లో పక్క సీటు ఆయన ఒక పత్రిక చదువుతున్నాడు. దెబ్బతిన్న కంటి స్థానంలో టాంటలం అనే లోహంతో చేసిన భాగాలు పెట్టడం గురించిన వ్యాసం అది. ఆయన ఆరోగ్య శాఖలో పనిచేసే వ్యక్తి అని మాటల్లో తెలిసింది. విఖ్టర్లేకు ఆ ఆలోచన నచ్చలేదు. శరీరంలో చాలా భాగం నీరే. అలాంటి చోట లోహం ఎప్పటికీ పరాయిదే, నీటిని తనలో ఇముడ్చుకునే ప్లాస్టిక్ అయితే ఒళ్ళు దాన్ని సహిస్తుంది కదా అని ఆయన వాదన. అప్పటికి అలాంటి ప్లాస్టిక్ ఎవరి దగ్గరా లేదు. మనమైతే స్టేషన్ రాగానే దిగిపోయి మర్చిపోతాం. ఆయన మర్చిపోలేదు.

ద్రహొస్లావ్ లీమ్ అనే సహచరుడితో కలిసి ఆ పదార్థం కోసం పనిచేశారు. హైడ్రాక్సీఈథైల్ మెథాక్రిలేట్ అనే రసాయనం నుంచి ఒక జెల్ వచ్చింది. నోరు తిరగని పేరే, పరీక్షకు రాదు లెండి. పొడిగా ఉన్నప్పుడు అది గట్టిగా, పెళుసుగా ఉంటుంది. నీళ్ళలో వేస్తే నానబెట్టిన సగ్గుబియ్యంలా ఉబ్బి, మెత్తబడి, అద్దంలా పారదర్శకంగా మారుతుంది. బరువులో 40 శాతం దాకా నీటినే పట్టి ఉంచుతుంది. 1953లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. 1960లో నేచర్ పత్రికలో ఈ జెల్ గురించి వాళ్ళిద్దరి వ్యాసం వచ్చింది.

పాప ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. మెత్తని లెన్సు అంటే నీళ్ళు పట్టుకున్న జెల్. కన్నీటి పొర మీద అది తేలుతూ, రెప్ప కొట్టినప్పుడల్లా కొంచెం కదులుతూ ఉండాలి. ఏసీ గాలికో, ఫ్యాన్ గాలికో, రెప్ప కొట్టకుండా గంటల తరబడి స్క్రీన్ చూడటం వల్లో, లెన్సుతో నిద్రపోవడం వల్లో తడి తగ్గితే లెన్సు ఆకారం కొంచెం మారి బిగుస్తుంది. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు కూడా కన్ను పొడిబారేలా చేస్తాయి. అప్పుడు లాగితే లెన్సుతో పాటు నల్లగుడ్డు పైపొర కూడా గీరుకుపోతుంది. నాకు మూడు రోజులు నొప్పి పెట్టింది అందుకే. ఈ రోజు షాపుల్లో దొరికే లెన్సుల్లో చాలావరకు సిలికోన్ కలిసిన కొత్త రకాలు. వాటిలోంచి కంటికి ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది. అయినా అవీ నీటి మీద ఆధారపడేవే, అవీ ఎండుతాయి.

మళ్ళీ ప్రాగ్‌కు వద్దాం. జెల్ దొరికింది కానీ దానితో లెన్సు చేయడం మాత్రం కుదరలేదు. అంతకు ముందు ప్రపంచంలో కాంటాక్ట్ లెన్సులు లేవని కాదు. 1880ల చివర్లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ వైద్యుడు గాజుతో చేశాడు. తెల్లగుడ్డును కూడా కప్పేసే పెద్ద గాజు డిప్పలు అవి, కొద్ది గంటలకు మించి ఎవరూ భరించలేకపోయేవారు. తర్వాత గట్టి ప్లాస్టిక్‌తో చిన్నవి వచ్చాయి. అవీ కంట్లో నలుసు పడ్డట్టే ఉండేవి. విఖ్టర్లే 1957లో రెండు ముక్కల మూసిన అచ్చుల్లో జెల్ పోసి సుమారు వంద మెత్తని లెన్సులు చేశారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అచ్చులోంచి బయటికి తీసేటప్పుడు అంచులు చిరిగిపోయేవి. ఒక్కొక్కదాని అంచు చేత్తో సరిచేయాల్సి వచ్చేది. చిరిగిన అంచు కంట్లో గుచ్చుకుంటుంది. అంటే లెన్సును చిరగకుండా తీయడం ఎలా అన్న సమస్య, మన వాష్‌రూంలో పాపకు వచ్చిన సమస్య, దాన్ని కనిపెట్టిన మనిషికే ముందు వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వు కూడా వచ్చింది.

ఇంతలో 1958లో రాజకీయ కారణాలతో ఆయన్ని కాలేజీ నుంచి తీసేశారు. కమ్యూనిస్టు ప్రభుత్వం అధ్యాపకుల నమ్మకాలను ఆరా తీసి నచ్చనివాళ్ళను పంపించేస్తున్న రోజులవి. అయితే పరిశోధకుడిగా ఆయన పేరు అప్పటికే పెద్దది. సైన్స్ అకాడమీ కొత్తగా పెట్టిన మాక్రోమాలిక్యులర్ కెమిస్ట్రీ సంస్థకు ఆయన్నే డైరెక్టర్‌ను చేశారు. దాని బిల్డింగ్ ఇంకా పూర్తికాలేదు. లెన్సుల నాణ్యత బాగా లేదని ఆరోగ్య శాఖ కూడా ఆ ప్రయత్నానికి స్వస్తి చెప్పింది. డబ్బు లేదు, ల్యాబ్ లేదు, అడిగేవాళ్ళు లేరు. ఇంట్లో వంటిల్లు ఒకటి ఉంది.

మజ్జిగ గ్లాసును గుండ్రంగా గిరగిరా తిప్పి చూడండి. మధ్యలో గుంట పడి అంచులు పైకి లేస్తాయి. విఖ్టర్లే పట్టుకున్న కిటుకు అదే. మూత లేని చిన్న అచ్చులో ద్రవం పోసి తిప్పుతూ తిప్పుతూ గట్టిపడనిస్తే లోపలి వంపు దానంతట అదే వస్తుంది. అచ్చుకు రెండో ముక్క అక్కర్లేదు, కాబట్టి అంచు నలిగే అవకాశం తక్కువ. ఎంత వేగంగా తిప్పితే ఎంత వంపు వస్తుందో లెక్క కట్టవచ్చు. కావాల్సిందల్లా తిప్పే యంత్రం. పిల్లల ఆట సామాను మెర్కూర్ సెట్ ఇంట్లో ఉంది. మన దగ్గర మెకానో సెట్ అంటారే, చిల్లులున్న ఇనుప పట్టీలు, చక్రాలు, బోల్టులు, సరిగ్గా అలాంటిదే. దానికి కొడుకు సైకిల్ డైనమో బిగించారు. కరెంటుకు కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్. ఫ్యాక్టరీ ఇంట్లో పెరిగిన పిల్లాడు కదా. 1961 క్రిస్మస్ మధ్యాహ్నం ఆ బొమ్మ యంత్రం మీద నాలుగు లెన్సులు తయారయ్యాయి. అంచులు నున్నగా ఉన్నాయి.

భార్య లిండా డాక్టరు. ఆవిడ కూడా పక్కన కూర్చుంది. తర్వాత డైనమోకు బదులు గ్రామఫోన్ మోటారు పెట్టి యంత్రాన్ని పెద్దది చేశారు. 1962 మొదటి నాలుగు నెలల్లో ఆ దంపతులు ఇంట్లోనే సుమారు 5,500 లెన్సులు చేశారు. సంక్రాంతి ముందు మన ఇళ్ళలో అరిసెలు చేసినట్టు ఊహించుకున్నాను నేను. ప్రాగ్‌లోని కంటి వైద్యుడు డ్రైఫస్ వాటిని రోగులకు పెట్టి చూశాడు. బాగానే ఉన్నాయి.

ఆ తర్వాతి భాగం రాయాలంటే కొంచెం బాధగా ఉంటుంది. పేటెంట్ హక్కులు ప్రభుత్వ అకాడమీవి. 1965లో అకాడమీ వాటిని ఒక అమెరికన్ కంపెనీకి ఇచ్చింది, దాని నుంచి బాష్ అండ్ లాంబ్ కంపెనీకి వెళ్ళాయి. ఆ నిర్ణయం కనిపెట్టినాయన చేతిలో లేదు. 1971లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇవ్వగానే మెత్తని లెన్సు ప్రపంచం మీద పడింది. ఆ వ్యాపారంలో ఆయనకు దక్కింది చాలా చిన్న మొత్తం. దేశంలో కూడా మంచి రోజులు కావు. 1968లో స్వేచ్ఛ కోరుతూ వెలువడిన రెండు వేల మాటల ప్రకటన మీద ఆయన సంతకం చేశారు. ఆ వేసవి చివర్లోనే సోవియట్ ట్యాంకులు వచ్చాయి. 1970లో డైరెక్టర్ పదవి తీసేశారు. తను నిలబెట్టిన సంస్థలోనే మామూలు పరిశోధకుడిగా మిగిలారు. దాదాపు ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి. ఆయన దేశం వదిలి వెళ్ళలేదు. 1989లో ఆ ప్రభుత్వం కూలిపోయాక, 76 ఏళ్ళ వయసులో సైన్స్ అకాడమీకే అధ్యక్షుణ్ణి చేశారు. 1998 ఆగస్టు 18న కన్నుమూశారు. ఒక గ్రహశకలానికి ఆయన పేరు పెట్టారు. ఫొటోల్లో చూస్తే ఆయన మొహం మీద కళ్ళద్దాలే ఉంటాయి!

సరే, ఇంతకీ ఇంట్లో ఎవరికైనా లెన్సు బిగుసుకుపోతే ఏం చేయాలి? నాకు డాక్టరు చెప్పినది, ఆ తర్వాత నేను పాటిస్తున్నది ఇది.

ముందు చేతులు సబ్బుతో కడిగి, నూలుపోగులు అంటని బట్టతో ఆరబెట్టుకోవాలి. తర్వాత మంచి వెలుతురులో అద్దం ముందు లెన్సు అసలు ఉందా లేదా చూడాలి. ఎప్పుడో పడిపోయిన లెన్సు కోసం కంటిని గిల్లేవాళ్ళు చాలామంది ఉంటారట. ఉంటే, స్టెరైల్ సెలైన్ గానీ లెన్సులతో వాడదగినవని రాసి ఉన్న తడి చుక్కలు గానీ వేసి, కళ్ళు మూసుకుని కొన్ని నిమిషాలు ఆగాలి. తెరిచి రెప్పలు మెల్లగా కొట్టాలి. మళ్ళీ చుక్కలు, మళ్ళీ విరామం. లెన్సు కదులుతోందని తెలిసేదాకా గిల్లే పని పెట్టుకోవద్దు. కదిలాక పైకి చూస్తూ, కింది రెప్పను దించి, వేలి మెత్తని భాగంతో లెన్సును తెల్లగుడ్డు మీదికి జార్చి, అక్కడ రెండు వేళ్ళ కొసలతో మెత్తగా పట్టుకుని తీయాలి. గోళ్ళు తగలకూడదు.

లెన్సు పై రెప్ప కిందికి వెళ్ళిపోతే కంటి వెనక్కి పోయిందేమోనని గాభరా పడతారు. పోదు. రెప్పల లోపలి పొర కంటిగుడ్డు పొరతో కలిసిపోయి ఉంటుంది, వెనక్కి దారే లేదు. చుక్కలు వేసి, కిందికి చూస్తూ, మూసిన పై రెప్ప మీద వేలితో మృదువుగా రుద్దితే మెల్లగా దిగుతుంది. ఇదంతా మెత్తని లెన్సుల సంగతి. గట్టి రకం లెన్సులైతే వేళ్ళతో గిల్లకూడదు. వాటికి అంచు పక్కన రెప్ప మీంచి నొక్కి పట్టు వదిలించే పద్ధతి, చిన్న రబ్బరు పరికరం వేరే ఉంటాయి. లెన్సు ఇచ్చిన చోటే నేర్చుకోవాలి.

కుళాయి నీళ్ళు, మినరల్ వాటర్, ఉమ్ము, ఇంట్లో ఉండే పన్నీరు, ఇవేవీ లెన్సు ఉన్న కంట్లో వేయకూడదు. నీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. లెన్సు కింద చేరితే నల్లగుడ్డును తినేసి చూపుకే ముప్పు తెస్తుంది. పెరాక్సైడ్ రకం లెన్సు ద్రావణం కూడా నేరుగా కంట్లో పడకూడదు, భగ్గున మండుతుంది. నాలుగైదు సార్లు చుక్కలు వేసినా రాకపోతే, లేదా నొప్పి, ఎరుపు, మసక, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. లెన్సు వచ్చాక కూడా లోపల ఏదో ఉన్నట్టే అనిపిస్తుంటే అది గీత పడిన గుర్తు కావచ్చు, దానికీ డాక్టరే. కన్ను పూర్తిగా మామూలయ్యేదాకా కళ్ళద్దాలే. ఒకరి లెన్సులు ఇంకొకరు పెట్టుకోవడం అక్కాచెల్లెళ్ళ మధ్య కూడా వద్దు. రంగు కోసం పెట్టుకునేవైనా సరే, డాక్టరు కంటి కొలత చూసి ఇవ్వాల్సిందే.

మన సిక్‌రూంలో ఇప్పుడు సెలైన్, చిన్న అద్దం, టార్చి ఒక డబ్బాలో విడిగా పెట్టించాం. మీ అమ్మాయి గానీ అబ్బాయి గానీ లెన్సులు వాడుతుంటే ఏ రకమో, రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటారో స్కూల్ డైరీలో రాసి క్లాస్ టీచరుకు పంపండి. బ్యాగులో కళ్ళద్దాలు, లెన్సు డబ్బా కూడా ఉంచండి. మీకు తెలియకుండా వాడుతున్నారన్న అనుమానం ఉంటే, దయచేసి ఇంట్లో కోప్పడకుండా ఒకసారి అడిగి చూడండి. ఆ రాత్రి పాప కుళాయి నీళ్ళ దాకా వెళ్ళింది అమ్మకు చెప్పలేకే.